ఎలుక గొంతుతో మాట్లాడిన పిల్లి: పిల్లల వెస్టర్న్‌లో టక్కరి విలన్ పనిచేసే తీరు

క్లుప్తంగా

1991లో వచ్చిన యానిమేషన్ చిత్రం ‘యాన్ అమెరికన్ టెయిల్: ఫైవెల్ గోస్ వెస్ట్’లో విలన్ ఒక పిల్లి. పేరు క్యాట్ ఆర్. వాల్. తుపాకీ పట్టడు, ఎలుకలను వెంటాడి పట్టుకోవాలనీ అనుకోడు. ఎలుకలు తమంతట తామే రైలెక్కి తన ఊరికి వచ్చేలా చేస్తాడు. పిల్లల వెస్టర్న్‌లలో, అంటే పడమటి అమెరికా కౌబాయ్ కథల్లో, తుపాకీ తప్పుకున్నాక ఆ ఖాళీలోకి వచ్చినవాడు ఈ టక్కరి. విచిత్రమేమిటంటే, కాల్పులతో నిండిన పెద్దల వెస్టర్న్‌ల కంటే ఈ పిల్లి కథే పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పడమటి చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

ఎదురుగా ఎలుకలున్నా తినని పిల్లి

ఈ సినిమా చూసే పిల్లలకు సహజంగా వచ్చే ప్రశ్న ఒకటుంది. పిల్లికి ఎలుకలు కావాలి. న్యూయార్క్ మురికివాడలో కావలసినన్ని ఎలుకలున్నాయి. దాడి చేయడానికి తోడు పిల్లులూ ఉన్నాయి. మరి అక్కడే పట్టుకు తినక, రైలెక్కించి, ఎడారి దాటించి, గ్రీన్ రివర్ అనే ఊరిదాకా తీసుకుపోవడం ఎందుకు?

జవాబు రైల్లో తెలుస్తుంది. బాల ఎలుక ఫైవెల్ పిల్లుల పెట్టెలోకి చేరి, వాల్ తన అనుచరులకు చెబుతున్న పథకం చాటుగా వింటాడు. ఎలుకలు ముందు పనిచేయాలి. కొత్త సెలూన్ (మద్యం దుకాణం) కట్టడానికి కూలీలుగా వాడుకుని, పని పూర్తయ్యాక పెద్ద ఎలుకలబోనులో ఒకేసారి పట్టి బర్గర్లు చేసుకోవాలి. అంటే వాల్ దృష్టిలో ఎలుక ఒక పూట తిండి కాదు. మొదట శ్రమ, తర్వాత సరుకు. వెంటాడితే రోజుకు నాలుగు దొరుకుతాయి, మిగతావి పారిపోతాయి. నమ్మిస్తే ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని వస్తుంది. మామూలు పిల్లికీ వాల్‌కూ తేడా క్రూరత్వంలో లేదు, లెక్కలో ఉంది.

పేరులోనే ఒక చమత్కారం ఉంది. ఇంగ్లీషులో ‘క్యాటర్‌వాల్’ అంటే పిల్లుల అరుపు. దాన్ని విడగొట్టి పెద్దమనిషి పేరులా చేశారు. గొంతు ఇచ్చింది బ్రిటిష్ హాస్యనటుడు జాన్ క్లీజ్. పడమటి సెలూన్ యజమాని లండన్ దొరలా మాట్లాడటం హాస్యం కోసమే అనిపించినా, చరిత్రకు అది మరీ దూరం కాదు. 1880లలో అమెరికా పశువుల వ్యాపారంలోకి బ్రిటిష్ పెట్టుబడి విరివిగా వచ్చింది. టెక్సాస్‌లో 30 లక్షల ఎకరాల ఎక్స్‌ఐటీ ర్యాంచ్‌కు డబ్బు లండన్‌లో పెట్టిన కంపెనీ ద్వారా వచ్చిందే.

వల పన్నిన వరుస

వాల్ మోసంలో గమనించదగ్గది దాని వరుస. మొదటి పని భయపెట్టడం. న్యూయార్క్‌లో ఫైవెల్ వాళ్ల మౌస్కవిట్జ్ కుటుంబం ఉండే పేటపై పిల్లుల దాడి జరుగుతుంది. ఎలుకలు ప్రాణాలు అరచేత పెట్టుకుని మురుగుకాలవల్లోకి దిగుతాయి. అక్కడ వాటికి కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఒక ఎలుక కనిపిస్తుంది. పడమట గ్రీన్ రివర్ అనే ఊరుందని, అక్కడ పిల్లులూ ఎలుకలూ కలిసిమెలిసి ఉంటాయని చెబుతుంది. ఆ ఎలుక ఒక బొమ్మ. వెనక నుంచి ఆడిస్తున్నది వాల్. తోలుబొమ్మలాటలో తెర ముందు కూర్చున్నవారికి బొమ్మే కనబడుతుంది, చెయ్యి కనబడదు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, పరుగెత్తించినవాడూ దారి చూపినవాడూ ఒక్కడే. కానీ ఎలుకల కంటికి వాళ్లు ఇద్దరు. ఒకడు శత్రువు, ఒకడు తమవాడు. రెండోది, మాట చెప్పింది పిల్లి కాదు, ఎలుక. పిల్లి వచ్చి ‘మా ఊరికి రండి’ అంటే ఏ ఎలుకా కదలదు. తన జాతివాడే చెబితే పెట్టె సర్దుతుంది.

దీన్ని 1986 నాటి మొదటి చిత్రంతో కలిపి చూస్తే మోసం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అందులో కథ 1885లో, రష్యా సామ్రాజ్యంలోని షోస్త్కాలో మొదలవుతుంది. యూదు కుటుంబమైన మౌస్కవిట్జ్‌లు కొసాక్కులనే రష్యా గుర్రపు సైనికుల, వాళ్ల పిల్లుల దాడి తర్వాత ఓడెక్కుతారు. ఓడలో అందరి నమ్మకం ఒక్కటే: అమెరికాలో పిల్లులు లేవు. దిగాక ఉన్నాయని తెలిసింది. అలాంటి కుటుంబం రెండోసారి ఎందుకు నమ్మింది? రెండో వాగ్దానం మొదటిదాని నకలు కాదు కాబట్టి. ఈసారి చెప్పింది ‘పిల్లులు లేవు’ అని కాదు, ‘అక్కడి పిల్లులు మంచివి’ అని. పాత అబద్ధం ఎక్కడ బయటపడిందో అక్కడే అతుకు వేసుకుని కొత్త అబద్ధం వచ్చింది. ఒకసారి మోసపోయినవాళ్లు జాగ్రత్తగా ఉంటారనుకుంటాం. వాళ్ల జాగ్రత్త ఎటు చూస్తుందో తెలిసినవాడికి అదే దారి అవుతుంది.

ఫైవెల్ నిజం విన్నాడని తెలిశాక అతన్ని కదిలే రైల్లోంచి తోయించేస్తారు. ఎడారి దాటి ఊరు చేరి చెప్పినా అతని మాట ఎవరూ వినరు. ఇది కథ కోసం పెట్టిన అడ్డంకి మాత్రమే కాదు. అప్పటికే ఇల్లు వదిలి, రోజుల తరబడి ప్రయాణం చేసి, పనిలో దిగిన వాళ్లకు ‘ఇదంతా మోసం’ అన్న మాట ఒప్పుకోవడానికి చాలా ఖరీదైనది. నమ్మకం ఎంత బలంగా ఉందన్నదానికంటే, వెనక్కి పోయే దారి ఎంత పొడుగున్నదన్నదే ఎలుకలను అక్కడ నిలబెట్టింది.

తుపాకీ ఎందుకు తప్పుకుంది

1950ల చివర్లో అమెరికా టీవీలో సాయంత్రపు ప్రధాన వేళల్లోనే పాతికకు పైగా వెస్టర్న్ సీరియళ్లు నడిచేవి. పిల్లలూ అవే చూసేవారు. 1960ల చివరికి గాలి మారింది. 1968లో రాజకీయ హత్యల తర్వాత టీవీ హింసపై విమర్శ పెరిగి, శనివారం పొద్దుటి కార్టూన్లలో కూడా కొట్లాటలు తగ్గించమన్న ఒత్తిడి వచ్చింది. అదే ఏడాది మసాచుసెట్స్‌లో ‘యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్’ అనే తల్లిదండ్రుల సంస్థ మొదలైంది. ఛానళ్లు తమ నియమాలను బిగించుకున్నాయి.

వెస్టర్న్‌కు ఇది పెద్ద చిక్కు. తుపాకీ తీసేస్తే ఆ రకం కథలో మిగిలేదేమిటి? టోపీ, గుర్రం, రైలు, సెలూన్, ఎడారి. వీటితో పోట్లాట నడవదు, బేరం నడుస్తుంది. అందుకే పిల్లల వెస్టర్న్‌లో విలన్ గురిచూసి కాల్చేవాడు కాకుండా గురిచూసి మాట్లాడేవాడయ్యాడు. దీని చివరి రూపం డిస్నీ జూనియర్ 2014లో ప్రసారం చేసిన ‘షెరిఫ్ కాలీస్ వైల్డ్ వెస్ట్’ సీరియల్లో కనబడుతుంది. అక్కడ షెరిఫ్ ఒక పిల్లి, ఆయుధం మంత్రపు తాడు, సెలూన్‌లో అమ్మేది పాలు. అంత మెత్తని ఊళ్లో దొంగకు మిగిలేది మాయమాటలే.

రైలు కంపెనీలు అమ్మిన కలలు

పడమటి చరిత్రలో తుపాకీ పాత్ర సినిమాలు చూపినంత లేదన్నది చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్న మాట. ఎక్కువమంది జీవితాలను మార్చింది భూమి కాగితం, రైలు టికెట్టు, నీటి హక్కు. 1850 నుంచి 1871 దాకా అమెరికా ప్రభుత్వం రైలు కంపెనీలకు సుమారు 13 కోట్ల ఎకరాలు ఇచ్చింది. ఖాళీ భూమి కంపెనీకి డబ్బు కాదు. దాన్ని కొని, పండించి, ఆ పంటను మళ్లీ అదే రైల్లో పంపే మనుషులు కావాలి. అందుకని కంపెనీలు యూరప్ అంతటా ఏజెంట్లను పెట్టి, పలు భాషల్లో కరపత్రాలు పంచాయి.

శాంటా ఫే రైల్వే ఒక ఏజెంట్‌ను నేరుగా రష్యాకే పంపింది. 1874 మొదలు అక్కడి మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు వేల సంఖ్యలో కాన్సాస్ వచ్చి స్థిరపడ్డారు. వాళ్లకు అది మోసం కాలేదు. వాళ్లు వెంట తెచ్చిన గోధుమ విత్తనంతోనే కాన్సాస్ గోధుమ రాష్ట్రమైందని చెప్పుకుంటారు. రష్యా నుంచి వచ్చిన కుటుంబం రైలెక్కి పడమటికి పోవడమన్న ఊహ ఎలుకల కథలోకి గాల్లోంచి రాలేదన్నమాట.

అందరి అదృష్టం అలా లేదు. ‘నాగలి వెంట వాన వస్తుంది’ అన్న నినాదం ఆ రోజుల్లో మైదానాల్లో మారుమోగింది. చార్లెస్ డానా విల్బర్ 1881లో దాన్ని పుస్తకంలో రాశాడు. నేల దున్నితే వాతావరణమే మారి వానలు పడతాయన్నది వాదన. కొన్నేళ్లు మంచి వానలు కురవడంతో అది సైన్స్ లాగే కనిపించింది. 1880ల చివర్లో కరువొచ్చింది. పశ్చిమ కాన్సాస్ నుంచి వెనక్కి తిరిగిన బండ్లపై ‘దేవుణ్ణి నమ్ముకున్నాం, కాన్సాస్‌లో మునిగిపోయాం’ అన్న అర్థం వచ్చే రాతలు కనిపించాయి. గ్రీన్ రివర్ అన్న పేరులో పచ్చదనమూ నదీ రెండూ ఉన్నాయి. ఎలుకలు దిగిన చోట ఉన్నది ఎడారి.

సొంత మనిషి నోటితో చెప్పించడమూ పిల్లి కనిపెట్టింది కాదు. బ్రిటిష్ కాలంలో ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి బర్మాకు కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీ వ్యవస్థ నడిచింది దానిమీదే. మేస్త్రీ తెల్లదొర కాడు, తెలుగువాడు, చాలాసార్లు తెలిసినవాడే. చేతిలో అడ్వాన్సు పెట్టి ఓడెక్కించేవాడు. ఆ అడ్వాన్సు అప్పై కూలీని రంగూన్ రేవులోనో మిల్లులోనో కట్టేసేది. ఇప్పుడు గల్ఫ్ వీసాల పేరిట జరిగే మోసాల్లోనూ ఊరి ఏజెంటు, వాడికి తెలిసిన ఇంకొకడు అనే గొలుసే కనబడుతుంది. మేస్త్రీలంతా మోసగాళ్లని కాదు. చెప్పేవాడు మనవాడే అన్నదే ఆ వ్యాపారానికి పెట్టుబడి అని.

నీళ్ల మేయరు, పశువుల దొంగ

వాల్ సంతతిలో ఇంకొందరున్నారు. 2004 నాటి డిస్నీ చిత్రం ‘హోమ్ ఆన్ ది రేంజ్’లో అలమేడా స్లిమ్ తన వింత పాటతో పశువులను మైమరపించి తోలుకుపోతాడు. పశువులు పోయి దివాలా తీసిన భూములను మారువేషంలో, వేరే పేరుతో వేలంలో కొంటాడు. దొంగా కొనుగోలుదారూ ఒక్కడే. వాల్ చేసిన పనే ఇది, సరుకు మాత్రం వేరు. కాగితాలపై భూమి కాజేయడం నిజం చరిత్రలో ఇంతకంటే హాస్యంగా సాగింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి పొందడానికి అక్కడ ఇల్లు కట్టుకుని ఉండాలి. ఇంటి కొలత పన్నెండుకు పద్నాలుగు అని ఉంటే, అడుగులని రాయలేదు కదా అని పన్నెండు అంగుళాల బొమ్మ ఇల్లు పెట్టి ‘ఇల్లు కట్టాం’ అని ప్రమాణం చేసినవాళ్ల ఉదంతాలు ఆ కాలపు కథనాల్లో ఉన్నాయి.

2011 నాటి ‘రాంగో’ ఇంకా లోతుకు పోయింది. అందులో విలన్ చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలి తాబేలు, ఊరి మేయరు. ఊరికి నీళ్లు రాకుండా చేసి, ఎండిన భూములు చౌకగా కొంటాడు. దీని వెనక కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయ నీడ ఉంది. లాస్ ఏంజెలెస్ నగరం 1905 నుంచి ఆ లోయలో భూములూ నీటి హక్కులూ కొనిపించింది. అమ్మిన రైతుల్లో కొందరు అది ప్రభుత్వ సాగునీటి పథకం కోసమనుకున్నారు. 1913లో విలియం ముల్‌హోలాండ్ ఆధ్వర్యంలో 233 మైళ్ల కాలువ పూర్తయి నీళ్లు నగరానికి పోయాయి, లోయ ఎండింది. పిల్లల సినిమాలో తాబేలు చెప్పే మాటల్లో ఇంత చరిత్ర ఉంది.

పిల్లి తపస్సు

ఎలుకలను నమ్మించిన పిల్లి తెలుగు పాఠకులకు కొత్త కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ధర్మరాజును దెప్పిపొడవడానికి ఉలూకుడి చేత చెప్పి పంపిన కథ ఒకటుంది. గంగ ఒడ్డున ఒక పిల్లి చేతులు పైకెత్తి తపస్సు చేస్తుంది. హింస మానేసిందని నమ్మి ఎలుకలు దాని రక్షణ కోరతాయి. పిల్లి లావవుతుంటుంది, ఎలుకల లెక్క తగ్గుతుంటుంది. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పంలో నిలబడి చేతులెత్తిన పిల్లి, దాని పాదాల దగ్గర ఎలుకలు నేటికీ కనిపిస్తాయి.

రెండు పిల్లులకూ తేడా ఉంది. తపస్సు పిల్లి తన వేషం తానే వేసుకుంది, పిల్లిగానే కనబడి మంచి పిల్లిగా నమ్మించింది. వాల్ పిల్లిగా కనబడకుండానే నమ్మించాడు. తపస్సు పిల్లి రోజూ తింది, అందుకే లెక్క చూసి పట్టుకోగలిగారు. వాల్ చివరిదాకా ఒక్క ఎలుకనూ తినకుండా ఆగాడు, కాబట్టి లెక్కలో ఏమీ తేలదు.

నింద ఎవరిమీద పడుతుందన్నది ఇంకో తేడా. చిన్నయసూరి ‘మిత్రలాభం’ చదివిన తరాలకు బంగారు కడియం చూపిన ముసలి పులి గుర్తుండే ఉంటుంది. అక్కడ బాటసారి అత్యాశకు పోయి బురదలో దిగుతాడు, కథ వేలు చూపేది అతనివైపే. మౌస్కవిట్జ్‌లకు అత్యాశ లేదు. పిల్లలను పిల్లి తినని చోటు కావాలన్నంతే. అందుకని ఈ సినిమాలో నింద మోసపోయినవాడి మీదికి జారదు. నీతికథకూ వలసకథకూ దూరం ఇక్కడే.

పిల్లలకు ఇది ఎలా అందుతుంది

ఇంత మెలికల మోసం చిన్నపిల్లలకు అర్థమవుతుందా? 1983లో హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం దీనికి కొంత జవాబిస్తుంది. మాక్సి అనే బాలుడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి బయటికి పోతాడు. అతను లేనప్పుడు తల్లి దాన్ని వేరే అల్మారాకు మారుస్తుంది. తిరిగొచ్చిన మాక్సి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఎక్కువగా చాక్లెట్ నిజంగా ఉన్న చోటు చూపించారు. నాలుగేళ్లు దాటే కొద్దీ ‘అతనికి తెలియదు కదా, పాత చోటే వెతుకుతాడు’ అన్న తెలివి పెరుగుతూ కనిపించింది.

టక్కరి విలన్ కథంతా ఈ తెలివి మీదే నిలబడుతుంది. బొమ్మ వెనక పిల్లి చెయ్యి ప్రేక్షకుడికి కనబడుతుంది, పాత్రలకు కనబడదు. ‘అది బొమ్మరా, నమ్మకండి’ అని తెరవైపు అరిచే పిల్లకు, తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియకపోవచ్చన్న సంగతి అప్పుడప్పుడే పట్టుబడుతుంటుంది. కాల్చే విలన్ దగ్గర భయమే ఉంటుంది. మోసం చేసే విలన్ దగ్గర పిల్లకు పెద్దల కంటే ముందు తెలిసిన గర్వం కూడా ఉంటుంది. ఫైవెల్ మాట పెద్దలు వినకపోవడం పిల్లలను అంతగా కట్టిపడేయడం అందుకే.

సినిమాలో అన్నీ ఇంత పదునుగా లేవు. ఎడారిలో ఆదివాసీ ఎలుకల తెగ ఫైవెల్ స్నేహితుడైన లావుపాటి పిల్లి టైగర్‌ను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టే భాగం పాత హాలీవుడ్ మూసలోదే. వాల్ వల గురించి అంత ఆలోచించిన కథ ఇక్కడ ఏమీ ఆలోచించలేదు.

టక్కరి ఎవరి పక్షం

తెలుగు సినిమా కౌబాయ్‌ను తెచ్చుకున్నప్పుడు టక్కరితనాన్ని మరో చోట పెట్టింది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన కౌబాయ్ చిత్రం పేరు ‘మోసగాళ్లకు మోసగాడు’. 2002లో మహేష్‌బాబు చేసిన కౌబాయ్ చిత్రం ‘టక్కరి దొంగ’. రెండు పేర్లూ విలన్‌వి కావు, హీరోవి. మోసాన్ని మోసంతోనే గెలవాలన్న ఈ లెక్క ‘రాంగో’లోనూ ఉంది. అక్కడి ఊసరవెల్లి షెరిఫ్ ఒక్క తూటాతో ఏడుగురిని చంపానని కోతలు కోసి ఉద్యోగం సంపాదించినవాడే.

ఫైవెల్ మాత్రం చివరిదాకా అబద్ధం నేర్చుకోడు. ఎలుకల పక్షాన ఆ పని టైగర్‌కు అప్పగించారు. ముసలి కుక్క షెరిఫ్ వైలీ బర్ప్ పాత్ర పేరు, పడమటి అమెరికాలో పేరుమోసిన చట్టాధికారి వయాట్ ఎర్ప్ పేరును తిప్పి పెట్టినది. గొంతు జేమ్స్ స్టీవర్ట్‌ది, సినిమాల్లో ఆయన చివరి పాత్ర అదే. కుక్క ఎలా నిలబడుతుందో, ఎలా చూస్తుందో, ఎలా మొరుగుతుందో అతను టైగర్‌కు నేర్పుతాడు. సెలూన్ ప్రారంభం నాటి సాయంత్రం ఎలుకలు కూర్చోవలసిన బోనే వడిసెలలా పనిచేసి, పిల్లులను తపాలా సంచి మీదికి విసిరేస్తుంది, దాటిపోతున్న రైలు ఆ సంచిని అందుకుని పోతుంది. మురుగుకాలవలో ఎలుక గొంతుతో మాట్లాడిన పిల్లిని ఊరు దాటించడానికి కావలసి వచ్చింది, కుక్క నడక నేర్చుకున్న ఇంకో పిల్లి.